నీళ్ళక్క కార్డులు

చర్మం డాక్టరమ్మ నీళ్ళక్క చేతులను దీపం కిందకు లాక్కుని, వెల్లకిలా ఒకసారి, బోర్లా ఒకసారి తిప్పి చూసి, మందుచీటీ రాయకముందే అసలు మాట చెప్పేసింది. ఇకమీదట ఈ చేతులు నీళ్ళలో పెట్టడానికి వీల్లేదు. గ్లౌజులు తొడుక్కునే పనిచేస్తున్నానని నీళ్ళక్క సర్దిచెప్పబోయింది. గ్లౌజుల లోపల పట్టే చెమట కూడా నీళ్ళేగా అంది డాక్టరమ్మ. చేపను పట్టుకుని నువ్విక నీళ్ళలో ఉండకూడదంటే అదెక్కడికి పోతుంది? నీళ్ళక్కకు నవ్వూ వచ్చింది, భయమూ వేసింది. రెండూ దాచుకుని చీటీ మడిచి కిందికి దిగింది.

కింద అంటే ఆ ఆసుపత్రి అడుగు అంతస్తు. ఆపరేషన్ థియేటర్లలో వాడిన పనిముట్లన్నీ ట్రేలకు ఎక్కి అక్కడికే వస్తాయి. గదికి మధ్యలో అద్దాల గోడ. ఇవతల తడివైపు: తొట్లు, బ్రష్షులు, నురుగు, వేడినీళ్ళ ఆవిరి. అవతల పొడివైపు: పొడుగాటి బల్ల, తెల్లటి దీపాలు, మడతపెట్టిన గుడ్డలు. కడిగినవాటిని పొడివైపు వాళ్ళు ఏ ఆపరేషన్‌కు ఏవి కావాలో ఆ ప్రకారం సెట్లుగా పేర్చి, గుడ్డలో చుట్టి, ఆవిరి యంత్రంలోకి పంపుతారు. నీళ్ళక్క చేరిన నాటినుంచీ తడివైపే. కీలు సందులో దాక్కున్న రక్తపు చార కూడా ఆమె బ్రష్షు నుంచి తప్పించుకుని పోయింది లేదు. ఆమె తోమిన కత్తెరలో చూసుకుని తల దువ్వుకోవచ్చనేవాళ్ళు థియేటర్ నర్సులు. ఆమెకు అసలు పేరొకటి హాజరుపట్టీలో ఉంది గానీ, దానితో పిలిచినవాళ్ళు లేరు.

గోరుచుట్టు మీద రోకటి పోటంటారు గానీ, ఈసారి మాత్రం పోటుతో పాటు కాస్త మందు కూడా దొరికింది. పొడివైపు బల్ల దగ్గర చాలాకాలంగా పనిచేస్తున్న ఆవిడ మోకాళ్ళ నొప్పులతో నిలబడలేక మానేస్తోంది. వరసకు ఏమీ కాకపోయినా ఆ గదిలో అందరికీ ఆవిడ వదిన, ఆవిడకూ అందరూ వదినలే. ఆ చోటు నీళ్ళక్కకు ఇప్పించమని ఇన్‌చార్జి సిస్టర్‌ను అడిగింది కూడా వదినే. సిస్టర్ కాదనలేదు. అలాగని సరేనని కూడా అనలేదు. పొడివైపు గోడకో ఫోనుంది. ఆపరేషన్ మధ్యలో పైనుంచి ఫలానాది పంపమని అడుగుతారు. పేరు వినగానే చెయ్యి దానిమీదికే వెళ్ళాలి. పైన డాక్టరు చేయి చాపి నిలబడి ఉంటే, కింద మనం వెతుక్కుంటూ కూర్చోకూడదు. శుక్రవారం పేర్లు అడుగుతాను, వస్తే పొడివైపు, రాకపోతే తను చేయగలిగిందేమీ లేదు అంది సిస్టర్. తడివైపు డాక్టరమ్మ వద్దంది, పొడివైపు సిస్టర్ వద్దంటే ఇక మిగిలింది ఇల్లే.

నీళ్ళక్కకు పనిముట్లు తెలియక కాదు. వాటిని కళ్ళు మూసుకుని తడిమినా పోల్చుకోగలదు. కానీ తడివైపు వాళ్ళు వాళ్ళకు తోచిన పేర్లు పెట్టుకున్నారు. ఒకటి ఎలుకపళ్ళు, ఒకటి కొంగముక్కు, ఒకటి కొడవలి. పైన థియేటర్లో కొడవలి ఇవ్వమంటే రోగి లేచి పారిపోతాడు. అక్కడి పేర్లు వేరు: ఆలిస్, బాబ్‌కాక్, కోకర్, డీవర్. ఎప్పటివాళ్ళవో ఇంటిపేర్లట, ఇనుముకు తగిలించారు. మనుషుల పేర్లే గుర్తుండని రోజుల్లో ఇనుము ఇంటిపేర్లు ఎక్కడ గుర్తుంటాయి?

శనివారం మధ్యాహ్నం వదిన నీళ్ళక్క ఫోను లాక్కుని, పాఠాలు గుర్తుపెట్టుకోవడానికి వాడే కార్డుల యాప్ అందులో పెట్టింది. వదిన కూతురు పరీక్షలకు అలాగే చదువుకుందట. ఒక్కో పనిముట్టు ఫొటో తీసి ఒక కార్డు, వెనకవైపు దాని పేరు. బొమ్మ చూడగానే పేరు పైకి చెప్పాలి, తర్వాత కార్డు తిప్పి చూసుకోవాలి. ఆపైన కింద ఉన్న రెండిట్లో ఒకటి నొక్కాలి: తెలుసు, తెలియదు. తెలుసంటే ఆ కార్డు కొన్నాళ్ళు కనపడదు. మళ్ళీ తెలుసంటే ఇంకా దూరం పోతుంది. తెలియదంటే మాత్రం వదలదు, కాసేపాగి వస్తుంది, పొద్దున్నే వస్తుంది, చెవిలో జోరీగలా వెంటపడుతుంది.

"మనం మర్చిపోబోయే ముందు వచ్చి తలుపు కొడుతుందన్నమాట. అంత తెలివైంది. కానీ వదినా, దానికి నిజమే చెప్పాలి. మనం ఏం చెబితే అది నమ్ముతుంది," అంది వదిన.

నీళ్ళక్క ఆ సాయంత్రమే మొదలుపెట్టింది. మొదటి అడ్డంకి చేతుల దగ్గరే వచ్చింది. డాక్టరమ్మ ఇచ్చిన మందు వెన్నలాంటిది, దట్టంగా రాసుకుని పైన పల్చటి నూలు గ్లౌజులు వేసుకోవాలి. గ్లౌజు వేలితో నొక్కితే ఫోను పలకలేదు. గ్లౌజు తీసి నొక్కితే అద్దమంతా జిడ్డయి, అడిగిన దగ్గర కాక ఇంకెక్కడో నొక్కుకుంది. కాసేపు ముక్కుతో ప్రయత్నించింది. అది చూసి ముందుగదిలో కుట్టుమిషన్ మీద ఉన్న ఆమె భర్త పని ఆపేశాడు.

ఆయన దర్జీ. నోట్లో నాలుక లేని మనిషని ఊరంతా అనుకుంటారు. నిజానికి పగలంతా నోట్లో గుండుసూదులు పెట్టుకుని పనిచేసే మనిషికి మాట్లాడే వీలేదీ? ఆయన సూదులు తీసి పక్కన గుచ్చి, కళ్ళజోడు తుడుచుకుని, స్టూలు జరుపుకుని, ఫోనివ్వమని చెయ్యి చాపాడు. ఆమె చెబుతుంటే ఆయన నొక్కాడు. మొదటి పూట అన్నీ తెలియదులే. వంపు తిరిగిన వెడల్పాటి రేకు, ఆ కొడవలి ఒక్కటి మాత్రం డీవర్ అని చప్పున పట్టుబడింది.

ఆదివారం అలాగే గడిచింది. సోమవారం నుంచి తొట్ల దగ్గర పని ఎక్కువైంది. చోటు తేలేదాకా తడిపని తప్పదు మరి. ఇంటికి వచ్చి, తిని, మందు రాసుకుని గ్లౌజులు తొడుక్కుని కూర్చుంటే చాలు, నాలుగు కార్డులు దాటేసరికి గోడకు తల ఆనించి కునుకు తీసేది. కళ్ళు తెరిచేసరికి దీపం తగ్గించి ఉండేది, ఒంటిమీద దుప్పటి ఉండేది. ఫోను మీద మాత్రం పెద్ద అక్షరాలతో, ఈరోజుకు అన్నీ పూర్తయ్యాయి, శభాష్ అని ఉండేది. ఆమె తన నిద్రమత్తులోనే అన్నీ చెప్పేసి ఉంటాననుకుంది. బస్సులో పొద్దున్నే ఫోను తెరిస్తే కార్డులేవీ లేవు, మళ్ళీ శభాష్. ఇంత బుర్ర ఇన్నాళ్ళూ ఎక్కడ దాచుకున్నాను అని తనలో తనే మురిసిపోయింది. ఇనుప ఇంటిపేర్లు ఇంత సులువైతే, సిస్టర్ పరీక్ష ఒక లెక్కా?

బుధవారం మధ్యాహ్నం వదిన ఉత్తినే ఒక ట్రే ముందు పెట్టి, ఏదీ బాబ్‌కాక్ ఇవ్వు అంది. నీళ్ళక్క చెయ్యి ధైర్యంగా వెళ్ళి ఎలుకపళ్ళ మీద వాలింది. అది ఆలిస్ అంది వదిన. పోనీ కోకర్ ఇవ్వమంది. చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. మూడూ ఒకేలా ఉన్నాయి, ఒకే పొడవు, ఒకే పిడి, చివర్లు తప్ప. ఏ చివరది ఏ పేరో ఆమెకు తెలియలేదు. ఎప్పుడైనా తెలిసిన గుర్తు కూడా లేదు. వదిన ఆమె ఫోను తీసుకుని చూసింది. అక్కడ ఆ మూడూ బాగా వచ్చినవాటిలో ఉన్నాయి, మళ్ళీ వచ్చే నెలకు గానీ అడగక్కర్లేనంత బాగా.

"ఫోను అబద్ధం చెప్పదు వదినా, దానికి ఎవరైనా అబద్ధం చెబితే తప్ప," అంది వదిన మెల్లగా.

"నేనెందుకు చెబుతాను? నన్ను నేనే మోసం చేసుకుంటానా?"

వదిన ఫోను ఆమె చేతిలో పెట్టేసి ట్రే సర్దుకుంది. అదే ఎక్కువ నొప్పించింది. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు తను దొంగచాటుగా తెలుసు, తెలుసు అని నొక్కుకుంటూ పోయానని ఆవిడ అనుకుంటోంది. అంతకాలం ఒక గోడకు ఇటూ అటూ నిలబడి, అద్దంలోంచే ఒకరి మనసొకరు తెలుసుకుని పనిచేసిన మనిషి అలా అనుకుంటే, లోకంలో ఇంకెవరు నమ్ముతారు? నీళ్ళక్క తొట్టి దగ్గరికి వెళ్ళి, కడగాల్సినవి లేకపోయినా కడిగినవే మళ్ళీ కడిగింది. చేతులు మండాయి. ఆ పూట ఆ మంట కూడా న్యాయమే అనిపించింది.

ఇంటికి వచ్చి బ్యాగు కూడా కింద పెట్టకుండా భర్తతో చెప్పేసింది. తన బుర్రకు ఎక్కదని, ఎక్కినట్టు ఫోను ఆశపెట్టిందని, రేపు వెళ్ళి ఆ చోటు వేరే ఎవరికైనా ఇచ్చుకోమని సిస్టర్‌కు చెప్పి వచ్చేస్తానని. అన్నీ విన్నాక ఆయన మిషన్ చక్రం మీద అరచెయ్యి ఆనించి ఆపాడు. నోట్లోంచి సూదులు ఒక్కొక్కటే తీసి దిండుకు గుచ్చాడు. ఎప్పటికంటే ఎక్కువసేపు పట్టింది.

"అది నేనే," అన్నాడు.

ఆమెకు అర్థం కాలేదు. ఆయన నేల చూస్తూ చెప్పాడు. ఆమె నిద్రపోయాక ఇంకా బోలెడు కార్డులు మిగిలి ఉన్నాయని ఫోను చూపిస్తూనే ఉందట. అలసి వచ్చిన మనిషిని లేపబుద్ధి కాలేదు. పొద్దున్నకు అన్నీ పేరుకుపోతే ఆమె బెంగపడుతుందనిపించింది. అంట్లు మిగిలితే తోమిపెట్టినట్టు, బట్టలు మిగిలితే మడిచిపెట్టినట్టు, కార్డులు కూడా పూర్తిచేసి పెట్టాడు. పొద్దున ఆమె స్నానానికి వెళ్ళినప్పుడు వచ్చినవాటినీ చేసిపెట్టాడు.

"తోచింది నొక్కలేదే. పేరు పైకి చెప్పి, తిప్పి చూసి, వస్తేనే తెలుసని నొక్కాను. రానివాటికి తెలియదనే నొక్కాను. అబద్ధం ఆడలేదు."

నీళ్ళక్క అప్పుడు బ్యాగు కింద పెట్టింది. కోపం వచ్చింది, అది మామూలు కోపం కాదు, అరిస్తే పోయేది కాదు. "మీరు తింటే నా కడుపు నిండుతుందా?" అంది చివరికి. గొంతు మాత్రం పెరగలేదు. ఆయన తల ఇంకా కిందికి దిగింది. మంచికి పోతే చెడు ఎదురైందన్న సామెత ఆయన మొహంమీదే రాసి ఉంది. అది చూడలేక ఆమె ఫోను తెరిచి, ఏదో ఒకటి చేయాలన్నట్టు, మూడింటిలో ఒక బొమ్మ ఆయన ముందు పెట్టింది.

"ఇదేంటి?"

"బాబ్‌కాక్."

"ఇది?"

"కోకర్."

మూడోది చూపించకముందే ఆలిస్ అనేశాడు. జీవితంలో ఒక్కసారి కూడా ఆ పనిముట్టును ముట్టుకోని మనిషి, మిషన్ ముందు కూర్చుని, ఆమె అన్నేళ్ళు చేత్తో తోమినవాటి పేర్లు చెబుతున్నాడు. ఎలా గుర్తున్నాయని అడిగింది. ఆయనకు మొదట సిగ్గేసింది. తర్వాత లేచి, గుడ్డముక్కల సంచీ తీసి ఆమె ముందు నేలమీద కుమ్మరించాడు.

చివర చిన్న చిన్న పళ్ళున్నది ఆలిస్. మిషన్ పాదం కింద గుడ్డను ముందుకు తోసే పళ్ళు చూడు, అచ్చం అవే అన్నాడు. గుడ్డ జారదు, చిరగదు, చిన్న గుర్తు మాత్రం పడుతుంది. చివర ఒక్క కోర బయటికి ఉన్నది కోకర్. మందపాటి ప్యాంటు నడుంపట్టీ ముక్క తీసి గుండుసూది గుచ్చి పైకి లేపి చూపించాడు. ఇలా పట్టుకుంటే ఇక వదలదు, కానీ బొక్కపడుతుంది. ఇక చివర గుండ్రంగా, నున్నగా, లోపల బోలుగా ఉన్నది బాబ్‌కాక్. ఈసారి సంచీ అడుగునుంచి సిల్కు ముక్క వెతికి తీశాడు. దాన్ని సూదితో పట్టుకోకూడదు, పళ్ళతో పట్టుకోకూడదు. రెండు వేళ్ళ మెత్తటి చివర్లతో, నలగకుండా ఎత్తాడు.

"లోపల సిల్కులాంటివి ఏవో ఉంటాయి కదా మనిషికి. వాటికి ఇది అయ్యుంటుందనుకున్నాను."

నీళ్ళక్క గ్లౌజు తీసేసింది. పగిలిన వేళ్ళతోనే ఆ సిల్కు ముక్కను ఆయన చేతిలోంచి అలాగే ఎత్తి పట్టుకుంది. ఇన్నేళ్ళూ ఆ మూడింటినీ మురికి ఎక్కడ ఇరుక్కుంటుందో చూసి గుర్తుపట్టిందే గానీ, ఏది దేన్ని ఎలా పట్టుకుంటుందని ఎప్పుడూ అనుకోలేదు. తడివైపుకు వచ్చేసరికి వాటి పని అయిపోయి ఉంటుంది మరి. ఆమె కోపం ఎప్పుడు పోయిందో ఆమెకే తెలియలేదు.

ఆ సాయంత్రం కార్డులన్నీ మొదటికి తెచ్చారు. ఫోను, ఇప్పటివరకు నేర్చుకున్నదంతా పోతుంది, సరేనా అని అడిగింది. పోయేది మీదే, నాదేం లేదు అంది నీళ్ళక్క. ఆయన నవ్వి నొక్కాడు. ఈసారి షరతు ఆమె పెట్టింది. తను చెప్పింది మాత్రమే ఆయన నొక్కాలి, కునుకు పడితే లేపాలి, జాలిపడకూడదు. ఆయన కోర్టు గుమాస్తాలా ప్రతి కార్డుకూ, తెలుసా, తెలియదా అని అడిగాడు. తెలియదు అని పైకి చెప్పడానికి మొదట్లో ఆమెకు నోరు రాలేదు. తర్వాత దగ్గినంత సులువుగా వచ్చింది. చెప్పిన ప్రతిసారీ ఆ కార్డు మళ్ళీ వచ్చింది, విసుక్కోకుండా వచ్చింది. డీవర్ వచ్చినప్పుడు మాత్రం ఠక్కున చెప్పేసింది. చొక్కా కాలరు ఎత్తి పట్టుకుని ఇస్త్రీ చేయడానికి భలే పనికొస్తుంది ఇది అని ఆయన వేళాకోళం ఆడాడు, తెలుసని నొక్కాడు, కార్డు దూరంగా పోయింది. గురువారం నిద్ర ఆపుకోవడానికి ఆమె నిలబడే చదివింది.

శుక్రవారం పొద్దున్నే వదినకు జరిగింది చెప్పింది. వదిన నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది, నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుంది. తర్వాత, నేను ఆ మాట అనకుండా ఉండాల్సింది వదినా అని ఆమె భుజం పట్టుకుంది. అంతకంటే ఎక్కువ ఇద్దరికీ అక్కర్లేకపోయింది.

పరీక్ష పొడివైపు బల్ల దగ్గరే. పనిముట్లన్నీ కలగాపులగంగా పోసి ఉన్నాయి. సిస్టర్ పక్కగదిలోంచి ఫోనులో పేరు చెబుతుంది, నీళ్ళక్క తీసి తెల్లగుడ్డ మీద పెట్టాలి, పక్కన వదిన నిలబడి చూస్తుంది. నీళ్ళక్క ఫోను చెవికి ఆనించింది. ఆలిస్ అంది సిస్టర్. మిషన్ పళ్ళు గుర్తొచ్చాయి, చెయ్యి వెళ్ళింది. బాబ్‌కాక్ అంది. రెండు వేళ్ళ మధ్య సిల్కు తగిలినట్టయింది. కోకర్‌కు నడుంపట్టీ అడ్డం రాలేదు, దారి చూపింది. అలా ఒకదాని తర్వాత ఒకటి గుడ్డమీదికి చేరుతుంటే, ఆమె వెన్ను నిటారైంది.

"డీవర్," అంది సిస్టర్.

ఏమీ రాలేదు. అన్నిటికంటే ముందు వచ్చినది, ఒక్కసారి కూడా తప్పనిది, చీపురుతో ఊడ్చినట్టు పోయింది. ఎదురుగా నాలుగు వెడల్పాటి రేకులున్నాయి. ఏదో ఒకటి తీసి పెట్టొచ్చు, తగిలితే తగులుతుంది. వదిన కళ్ళు ఒకవైపు చూశాయేమో కూడా. నీళ్ళక్క అటు చూడలేదు.

"తెలియదు సిస్టర్," అంది. అన్నాక నోరు జారినట్టు ఇంకో మాట వచ్చింది. "కాసేపాగి మళ్ళీ అడగండి."

తర్వాత సిస్టర్ వేరే పేరు చెప్పింది. ఆపైన ఇంకోటి. నీళ్ళక్క తీసి పెడుతూ, గుడ్డ అంచు ముడతపడితే అలవాటుగా ఎత్తి సవరించబోయింది. ఎత్తిన అంచు కింద కాలరు కనపడింది, కాలరు వెనక ఇస్త్రీపెట్టె, దాని వెనక ఆయన వేళాకోళపు మొహం. డీవర్ అని సిస్టర్ రెండోసారి అనేలోపే కొడవలి గుడ్డమీదుంది.

సిస్టర్ తలుపు తీసుకుని లోపలికి వచ్చి, గుడ్డమీద ఉన్నవాటిని వరసగా చూసుకుంటూ పోయింది. సోమవారం నుంచి ఇటువైపు రమ్మంది. వెళ్ళబోతూ ఆగింది.

"ఈ గదిలో తెలియదన్న మాట విని చాలాకాలమైంది. ఇకముందు కూడా అంటూ ఉండండి. పైవాళ్ళకు తప్పుది పంపడం కంటే అదే నయం."

ఏరు దాటి తెప్ప తగలేసే రకం కాదు నీళ్ళక్క. ఆ సాయంత్రం వదిన చేతులు పట్టుకుని చెప్పాల్సినదంతా చెప్పింది. డాక్టరమ్మకు కూడా మనసులోనే దండం పెట్టుకుంది. బస్సులో ఫోను తెరిచి, ఆనాటి కార్డులు వచ్చి కూర్చుని ఉంటే, దానికీ ఏదో చెప్పాలనిపించి, వినేవాళ్ళు నవ్వుతారని ఊరుకుంది. ఇంట్లో మనిషికి మాత్రం ఏం చెప్పాలో తోచలేదు. గుమ్మంలో నిలబడి, చోటు వచ్చింది అంది. ఆయన నోట్లో సూదులతోనే తలూపాడు. రెండు సూదులు జారి నేలమీద పడ్డాయి, ఇద్దరూ వంగి వెతికారు.

పొడివైపు గాలికి చేతులు మెల్లగా బాగయ్యాయి. ముందు మంట పోయింది, తర్వాత పగుళ్ళు పూడాయి, ఒక సాయంత్రం డాక్టరమ్మ మందు ఆపేయమంది. కార్డులు మాత్రం ఆగలేదు. కంటి ఆపరేషన్లవీ, ఎముకలవీ కొత్త సెట్లు వచ్చాయి. ఆ మందు ఆపిన రోజు నీళ్ళక్క బస్సులో తన వేలితో ఫోను నొక్కి చూసుకుంది. చెప్పిన చోటే, చెప్పిన వెంటనే, బుద్ధిగా నొక్కుకుంది. దారంతా ఆ వేలినే చూసుకుంటూ వచ్చింది.

ఇంటికి వచ్చేసరికి ఆయన పని కాస్త ముందే ఆపి ఉన్నాడు. సూదులు దిండుకు గుచ్చి ఉన్నాయి, కళ్ళజోడు తుడిచి ఉంది, స్టూలు జరిపి ఉంది. ఆమెను చూసి అలవాటుగా చెయ్యి చాపాడు. చాపినవాడు ఆమె చేతులు చూశాడు. గ్లౌజుల్లేవు, మందు జిడ్డు లేదు. చాపిన చేతిని ఏం చేయాలో తెలియక మోకాలి మీద పెట్టుకున్నాడు.

"బాగైపోయాయిగా. ఇంక నువ్వే నొక్కుకోవచ్చు," అన్నాడు, సంతోషంగానే.

నీళ్ళక్క ఫోను తీసి ఆయన ఒళ్ళో పెట్టింది. తన రెండు చేతులూ వెనక్కి దాచుకుని గోడకు ఆనుకుని కూర్చుంది.

"ఎక్కడ, ఇంకా తడిగానే ఉన్నాయి. మీరే నొక్కండి," అంది.